డాక్టర్ల సంఘానికా, వాళ్ల ఫౌండేషన్‌కా? విరాళం చెక్కు రాసే ముందు

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మావారు కిడ్నీ జబ్బుతో 3 ఏళ్లు డయాలసిస్ మీద ఉండి కిందటేడు కాలం చేశారు. వారానికి 3 సార్లు ఆస్పత్రికి వెళ్లేవాళ్లం. పక్క బెడ్డు మీదివాళ్లు మందులు కొనలేక మధ్యలో మానేయడం కళ్లారా చూశాను. ఆయన పేరు మీదున్న 10 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ నామినీగా నా చేతికి వచ్చింది. ఆయనకు వైద్యం చేసిన డాక్టరు గారు ఒక కిడ్నీ డాక్టర్ల సంఘంలో సభ్యుడు. ఆ సంఘానికి చారిటబుల్ ఫౌండేషన్ ఉంది, బీద రోగులకు మందులు ఇప్పిస్తుంది. ఈ 10 లక్షలూ దానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. చెక్కు సంఘం పేరు మీద రాయమని ఒకరు, అందులో 2 లక్షలు నగదుగా ఇచ్చినా ఫరవాలేదని ఇంకొకరు చెప్పారు. మా అబ్బాయి ‘అంత డబ్బు ఎటు పోతుందో ఎవరు చూడొచ్చారు’ అంటున్నాడు. అమెరికాలో ఉన్న అమ్మాయి తనూ 5,000 డాలర్లు కలుపుతానంటోంది. మొత్తానికీ పన్ను మినహాయింపు వస్తుందా? డయాలసిస్ రోగులకే వాడాలని షరతు పెట్టవచ్చా? వాడకపోతే వెనక్కి తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పక్క బెడ్డు మీదివాళ్ల కోసం ఇంత మొత్తం ఇవ్వాలనుకోవడం మామూలు విషయం కాదు. అందుకే ఆ డబ్బు దారి తప్పకుండా ఏం చేయాలో కాస్త వివరంగానే చెబుతాను. మీరు అడిగిన వరుసలో కాకుండా, ముందు తేలాల్సింది ముందు చూద్దాం.

అన్నిటికంటే ముందు, ఆ 10 లక్షలు ఎవరివి? మీరు నామినీ కాబట్టి డబ్బు మీదేనని బ్యాంకులో చెప్పి ఉంటారు. చట్టం మాత్రం అలా అనదు. నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు తీసుకోవడానికి హక్కున్న మనిషి. తీసుకున్నాక అది వారసులందరికీ చెందుతుంది. బీమా పాలసీ నామినీ విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే, సర్బతీ దేవి కేసులో ఈ మాట స్పష్టంగా చెప్పింది. బ్యాంకు డిపాజిట్లకూ కోర్టులు ఇదే సూత్రం వర్తింపజేస్తున్నాయి. మీవారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమాన వాటాలు వస్తాయి. మీ అత్తగారు బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా. అత్తగారు లేరనుకుంటే ఆ 10 లక్షల్లో మీ ఇష్టానికి ఇవ్వగలిగింది సుమారు 3 లక్షల 33 వేలు మాత్రమే. మీ అబ్బాయి సణుగుడు ఉత్త సణుగుడు కాదమ్మా, దాని వెనక చట్టపరమైన హక్కు ఉంది. రేపు అతను అభ్యంతరం పెడితే ఇబ్బంది మీకే కాదు, డబ్బు తీసుకున్న ఫౌండేషన్‌కు కూడా.

దీనికి కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. ‘నాన్నగారి డిపాజిట్‌లో నా వాటాను అమ్మకు వదులుకుంటున్నాను, ఆమె ఇష్టప్రకారం విరాళంగా ఇవ్వవచ్చు’ అని పిల్లల చేత రాయించి, సంతకాలు, ఇద్దరు సాక్షులతో ఒక పత్రం చేసుకోండి. ఇది డబ్బు కాబట్టి, ఇల్లూ పొలంలాగా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అబ్బాయి ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. అతని వాటా అతనికిచ్చి, మీ వాటా వరకు విరాళం ఇవ్వండి. మీవారు మీ ఒక్కరికే చెందేలా వీలునామా రాసి ఉంటే మాత్రం ఈ గొడవే లేదు.

ఇప్పుడు చెక్కు సంగతి. నా మాటల్లో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది గుర్తు పెట్టుకోండి: డాక్టర్ల సంఘం వేరు, దాని ఫౌండేషన్ వేరు. ఆఫీసు ఒకటే కావచ్చు, అధ్యక్షుడు ఒకరే కావచ్చు, లెటర్‌హెడ్ మీద బొమ్మ కూడా ఒకటే కావచ్చు. చట్టం దృష్టిలో మాత్రం రెండూ వేర్వేరు. సంఘం సాధారణంగా సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటుంది. దాని మొదటి బాధ్యత సభ్యులైన డాక్టర్ల పట్ల: సదస్సులు, శిక్షణ, పత్రిక, వృత్తి సమస్యలు. అవి చెడ్డ పనులేమీ కావు, కానీ మీరు ఇవ్వాలనుకుంటున్నది వాటికి కాదు. ఫౌండేషన్ సాధారణంగా ట్రస్టుగానో, కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగానో ఉంటుంది. ప్రజలకు సేవ చేయడానికే అది పుట్టింది. సంఘం పేరు మీద చెక్కు రాస్తే ఆ డబ్బు సంఘం ఖాతాలో పడుతుంది, సంఘం ఉద్దేశాలకు ఖర్చవుతుంది. అప్పుడు ఎవరూ తప్పు చేసినట్టు కాదు, మీ డబ్బు మాత్రం డయాలసిస్ బెడ్డు దాకా చేరదు.

నా దగ్గరకు ఇలాంటి కేసే ఒకటి వచ్చింది. ఒక పెద్దాయన భార్య పేరు మీద ఉచిత వైద్య శిబిరాల కోసమని ఒక వృత్తి సంఘానికి చెక్కు ఇచ్చారు. ఫౌండేషన్‌కే ఇస్తున్నానని అనుకున్నారు. ఏడాది తర్వాత లెక్కలు అడిగితే, ఆ సొమ్ము సంఘం సాధారణ నిధిలో కలిసి వార్షిక సదస్సు హాలు అద్దెకు పోయిందని తేలింది. ఆయన చేతిలో ఉన్న రసీదు మీద ‘విరాళం’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. దేనికోసం ఇచ్చారో ఎక్కడా రాసి లేదు. ఆ కాగితం పట్టుకుని నేను చేయగలిగింది చాలా తక్కువ. ఆయన నా ఎదుట కూర్చుని ఆ రసీదును మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం ఇప్పటికీ నాకు గుర్తుంది.

కాబట్టి చెక్కు రాసే ముందు ఫౌండేషన్ వారిని కొన్ని కాగితాలు అడగండి. మొహమాటపడకండి. డాక్టరు గారి మీద నమ్మకం లేక అడుగుతున్నట్టు అవుతుందేమోనని చాలామంది ఆగిపోతారు. ఆయన మీది గౌరవం ఆయనది, కాగితం పని కాగితానిది. ఫౌండేషన్ ట్రస్టు డీడ్, అంటే దాన్ని ఏర్పాటు చేసిన పత్రం కాపీ అడిగి, అందులో ఉద్దేశాలు రాసిన పేజీ చదవండి. బీద రోగులకు వైద్య సహాయం అన్న మాట అందులో ఉండాలి. ఉద్దేశాల్లో లేని పనికి మీరెంత గట్టిగా షరతు పెట్టినా లాభం లేదు. పాన్ కార్డు మీద ఫౌండేషన్ పేరు, బ్యాంకు ఖాతా పేరు, మీరు చెక్కు మీద రాయబోయే పేరు మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా చూడండి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏబీ రిజిస్ట్రేషన్ (సంస్థకు పన్ను మినహాయింపు ఇచ్చేది), 80జి ఆమోదం (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చేది) ఉత్తర్వులు అడగండి. ఈ ఆమోదాలు ఒకప్పటిలా శాశ్వతం కాదు, గడువు ఉంటుంది. మీరు డబ్బిచ్చే తేదీ ఆ గడువు లోపల ఉందో లేదో చూసుకోండి. గోడకు ఫ్రేము కట్టి పెట్టిన పాత సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోవద్దు. చివరగా, కిందటి రెండు మూడేళ్ల ఆడిట్ అయిన లెక్కలు. అందులో రోగుల కోసం ఎంత ఖర్చు పెట్టారు, జీతాలకు, సమావేశాలకు ఎంత పోయింది అనేవి ఒక్క పేజీలో కనిపిస్తాయి. టీచరుగా ఎన్నో మార్కుల జాబితాలు చూసిన మీకు అది అర్థం కాకపోదు.

నగదు మాట వస్తే, వద్దే వద్దు. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి 80జి కింద ఒక్క పైసా మినహాయింపు రాదు. పైగా ఒక మనిషి దగ్గర ఒక్క రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టంలోని 269ఎస్‌టి సెక్షన్ నిషేధిస్తోంది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. మీకు ఆ సలహా ఇచ్చినవారు బహుశా తెలియక అని ఉంటారు. మీరు మాత్రం చెక్కో, బ్యాంకు బదిలీయో తప్ప ఇంకో దారి పట్టకండి.

పన్ను సంగతి చెబితే మీరు కొంచెం నిరుత్సాహపడతారేమో. 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చారు. దానితో సెక్షన్ల నంబర్లు మారతాయి. అందరి నోళ్లలో నానినవి కాబట్టి ఇక్కడ పాత నంబర్లే వాడుతున్నాను. ‘80జి ఉంది, సగం డబ్బు మినహాయింపు’ అని బయట చెప్పుకునే మాట సగమే నిజం. ఇలాంటి ఫౌండేషన్లకు ఇచ్చే విరాళంలో 50 శాతానికి మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ దానికొక పరిమితి ఉంది. మీ ఆదాయంలోంచి 80సి (పొదుపు, బీమా వంటివాటికి ఇచ్చేది) లాంటి మినహాయింపులు తీసేశాక మిగిలిన దానిలో 10 శాతం వరకే లెక్కలోకి తీసుకుంటారు.

మీ పెన్షను, వడ్డీ కలిపి ఆ లెక్క 6 లక్షలు అనుకుందాం. అందులో 10 శాతం అంటే 60,000. మీరు 10 లక్షలు ఇచ్చినా, 60,000 ఇచ్చినా చట్టం చూసేది ఆ 60,000నే. అందులో సగం, అంటే 30,000 మీ ఆదాయంలోంచి తగ్గుతుంది. పాత పన్ను పద్ధతిలో 20 శాతం శ్లాబు కాబట్టి 6,000, సెస్సు కలిపి 6,240 రూపాయలు మిగులుతుంది. 10 లక్షల విరాళానికి మిగిలేది అంతే. మిగిలిపోయిన మొత్తాన్ని వచ్చే ఏడాదికి జరుపుకునే వీలు కూడా లేదు. ఇక కొత్త పన్ను పద్ధతిలో 80జి మినహాయింపే లేదు. అయితే 2025-26 నుంచి ఆ పద్ధతిలో జీతం, పెన్షను, వడ్డీ లాంటి ఆదాయం 12 లక్షల వరకు ఉన్నా రిబేటు వల్ల పన్ను పడదు. అంటే 6 లక్షల ఆదాయానికి మీకు కొత్త పద్ధతే మేలు, అందులో అసలు కట్టాల్సిన పన్నే లేదు. పన్ను మిగుల్చుకోవడం కోసం ఈ విరాళం ఎప్పుడు ఇవ్వాలా, ఎలా ఇవ్వాలా అని మీరు టెన్షన్ పడాల్సిన పనే లేదు.

అలాగని 80జి కాగితాలు వదిలేయమని కాదు. ఆమోదం ఉన్న సంస్థ ప్రతి దాత పేరు, పాన్ నంబరు, మొత్తం వివరాలను 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు పంపి, దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 దానికి గడువు. 2021 ఏప్రిల్ తర్వాతి విరాళాలకు ఈ సర్టిఫికెట్టే ఆధారం, చేతిరాత రసీదు ఒక్కటి సరిపోదు. మీ వరకు దీని విలువ పన్నులో కాదు. మీ 10 లక్షలు ఫౌండేషన్ పుస్తకాల్లోకే వెళ్లాయని ప్రభుత్వ రికార్డులో నిలిచిపోయే సాక్ష్యం అది. అందుకని అడిగి తీసుకోండి.

షరతు పెట్టవచ్చా అన్నారు. పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే అది మాటగా కాక, చెక్కుతో పాటు ఇచ్చే లేఖలో ఉండాలి. ముందుగా మీరు ఒకటి తేల్చుకోవాలి. ఈ డబ్బు మొత్తం ఈ ఒకటి రెండేళ్లలో రోగులకు ఖర్చవ్వాలా? లేక అసలు కదలకుండా దాని వడ్డీతో ఏటా సాయం జరగాలా? రెండోదాన్ని కార్పస్ అంటారు. దాత రాతపూర్వకంగా ‘ఇది కార్పస్’ అని చెబితేనే పన్ను చట్టం కూడా దాన్ని అలా చూస్తుంది. పైగా ఆ సొమ్మును చట్టం అనుమతించిన బ్యాంకు డిపాజిట్ల వంటి వాటిలోనే పెట్టాలి. 10 లక్షల మీద 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 70,000. నన్నడిగితే, 10 లక్షలకు కార్పస్ కంటే నేరుగా ఖర్చు పెట్టించడమే మంచిదంటాను. పక్క బెడ్డు మనిషికి మందు ఇవాళ కావాలి. కానీ మీవారి పేరు మీద ఏటా ఏదో ఒకటి జరగాలన్నది మీ కోరికైతే కార్పస్సే దారి. అది మీరే నిర్ణయించుకోవాలి.

లేఖ ఎలా రాయాలో తెలియక చాలామంది ఆగిపోతారు. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

‘నా భర్త జ్ఞాపకార్థం ఈ చెక్కు ద్వారా ఫౌండేషన్‌కు 10 లక్షల రూపాయలు విరాళంగా ఇస్తున్నాను. ఈ మొత్తాన్ని డయాలసిస్ చేయించుకుంటున్న పేద రోగుల మందులకు, వారి రాకపోకల ఖర్చులకు మాత్రమే వాడాలి. సంఘం సదస్సులకు, భవనానికి, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. దీనికి వేరే లెక్క ఉంచి, మొత్తం ఖర్చయ్యేదాకా ఏటా ఒకసారి నాకు, నా తర్వాత నా పిల్లలకు తెలియజేయాలి. ఈ పని కొనసాగించడం ఎప్పుడైనా సాధ్యం కాకపోతే, మిగిలిన సొమ్మును కిడ్నీ రోగులకు సంబంధించిన మరో సేవకు వాడాలి. ఈ షరతులకు ఒప్పుకుంటేనే చెక్కు జమ చేసుకోగలరు.’

చివరి రెండు వాక్యాలూ వదిలేయకండి. పని ఆగిపోతే ఏం చేయాలో ముందే రాసి పెడితే రేపు కోర్టు దాకా పోయే అవసరం రాదు. ‘ఒప్పుకుంటేనే’ అన్న మాట ఉంటే, చెక్కు జమ చేసుకోవడమే ఒప్పుకోలు కింద చూపించవచ్చు. అయినా ఫౌండేషన్ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్నవారి చేత లేఖ కాపీ మీద ‘షరతులు అంగీకరించాము’ అని రాయించి, సీలు వేయించుకోండి. ఆఫీసు ఖర్చులకు 5 శాతమో 10 శాతమో తీసుకుంటామని వారు అడగవచ్చు. అది అన్యాయం కాదు. ఎంత శాతమో లేఖలో రాస్తే సరిపోతుంది.

వెనక్కి తీసుకోవడం గురించి నిజం చెప్పాలి. ఒకసారి ఇచ్చి, వారు పుచ్చుకున్నాక, మనసు మారిందని వెనక్కి అడిగే హక్కు మీకు లేదు. ‘నాకు ఇష్టం లేనప్పుడు తిరిగి తీసుకుంటాను’ అని రాసుకున్నా, ఆస్తి బదిలీ చట్టం 1882లోని 126వ సెక్షన్ ప్రకారం ఆ దానమే చెల్లదు. అయితే చెప్పిన పనికి వాడకపోతే మీరు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మొదట లేఖ కాపీ జతచేసి ట్రస్టీలందరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. పేరున్న సంస్థలైతే చాలావరకు అక్కడే సర్దుకుంటాయి. అప్పటికీ పలకకపోతే, ప్రజా ధర్మసంస్థల విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. ఆ సంస్థలో ఆసక్తి ఉన్న ఇద్దరు లేదా అంతకు మించి కలిసి, కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. లెక్కలు చూపించమనవచ్చు, ట్రస్టీలను తొలగించమనవచ్చు, సంస్థ నడిపే తీరుకు కొత్త పథకం వేయమనవచ్చు. ‘ఇద్దరు’ అన్న మాట గమనించండి, మీతో పాటు మీ అబ్బాయి కూడా ముందుకు రావాల్సి రావచ్చు. అతన్ని మొదటి నుంచీ కలుపుకుపొమ్మనడానికి ఇదీ ఒక కారణం. ఎవరైనా ఆ డబ్బు సొంతానికి వాడుకున్నారని తేలితే అది నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం.

ఇక అమ్మాయి డాలర్లు. ఇక్కడ చూడాల్సింది ఆమె ఉండే దేశం కాదు, ఆమె పాస్‌పోర్టు. ఇప్పటికీ భారత పాస్‌పోర్టే ఉంటే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే ఆమె భారత పౌరురాలే. తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. ఫౌండేషన్ వారికి పాస్‌పోర్టు కాపీ పంపితే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) చేతిలో ఉన్నా, చట్టం ఆమెను విదేశీయురాలిగానే చూస్తుంది. అప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద, అంటే అందరూ ఎఫ్‌సీఆర్ఏ అనే చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థ మాత్రమే ఆ డబ్బు తీసుకోగలదు. అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి.

‘అమ్మకు పంపిస్తాను, అమ్మ ఇచ్చేస్తుంది’ అని చాలా ఇళ్లల్లో అనుకుంటారు. వద్దమ్మా. విదేశీయుల నుంచి అందిన సొమ్మును మధ్యలో మరొకరు చేతులు మార్చి ఇచ్చినా అది విదేశీ విరాళమే అని ఆ చట్టంలోనే రాసి ఉంది. సాయం చేయబోయి ఫౌండేషన్‌ను ఇరుకున పెట్టినట్టవుతుంది. ఫౌండేషన్‌కు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేకపోతే అమ్మాయి అమెరికాలోనే ఉన్న మరో కిడ్నీ సేవా సంస్థకు ఇచ్చుకోవచ్చు. ఆమెకు విదేశీ పాస్‌పోర్టు ఉంటే, తండ్రి డిపాజిట్‌లో ఆమె వాటాను కూడా ఈ విరాళంలో కలపకుండా పక్కన ఉంచడమే క్షేమం.

మరో చిన్న మాట. విరాళం ఇచ్చినందుకు మీ బంధువులకు వైద్యంలో రాయితీ, వంతు రాకముందే డయాలసిస్ స్లాటు ఇలాంటివేమీ అడగకండి, ఇస్తామన్నా తీసుకోకండి. బదులు ఆశించి ఇచ్చేది దానం కాదు. పెద్ద దాతలకు సంస్థ అలాంటి లాభం చేకూరిస్తే దాని పన్ను మినహాయింపుకే ఎసరు రావచ్చు. మీవారి పేరుతో రోగుల వార్డులో ఒక పలక పెట్టమనడంలో తప్పేమీ లేదు, కావాలంటే ఆ మాట కూడా లేఖలోనే రాయండి.

వీలైతే ఈ వారంలోనే అబ్బాయిని కూర్చోబెట్టి ఈ జవాబు చదివి వినిపించండి. ఫౌండేషన్ లెక్కల పుస్తకం చూడటానికి మీతో పాటు అతన్నే తీసుకెళ్లండి. డబ్బు ఎటు పోతుందో ఎవరు చూడొచ్చారన్నాడు కదా, తానే చూడవచ్చు.